నాన్నగారి కాలి పుండు, ఆక్లాండ్ తేనె

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లెటూరు. నాన్నగారికి 64 ఏళ్లు, పద్నాలుగేళ్లుగా షుగరు. కుడికాలి బొటనవేలి మొదట్లో, అరికాలి వైపు ఆనెకాయ కట్టి, అది పగిలి పుండు పడి రెండు నెలలైంది. నొప్పి లేదంటారు, ఇల్లంతా తిరుగుతూనే ఉంటారు. చీము పరీక్షకి పంపితే ‘ఎంఆర్‌ఎస్‌ఏ’ అని వచ్చింది. రిపోర్టులో సగానికి పైగా మందుల పక్కన ‘ఆర్’ అని ఉంది. డాక్టరుగారు రోజూ ఇంజెక్షన్ చేయిస్తున్నారు. ఆక్లాండ్‌లో ఉంటున్న మా చెల్లెలు ‘యాంటీబయాటిక్స్‌కి లొంగని క్రిములు కూడా మనూకా తేనెకి చస్తాయట, పుండు మీద రాయండి, రోజూ రెండు చెంచాలు తాగించండి’ అని ఒక సీసా, దాంతోపాటు ప్రొపోలిస్ చుక్కల మందు పంపింది. మన పుట్టతేనె ఉండగా విదేశీ తేనె ఎందుకంటున్నారు పెదనాన్నగారు. ఇంజెక్షన్లు ఆపి తేనె మొదలుపెట్టవచ్చా? ఏ తేనె మంచిది? మా ఎనిమిది నెలల పాపకి కూడా కాస్త నాకించమని అమ్మ అంటోంది. పెట్టవచ్చా?

సమాధానం: ముందు పాప సంగతి తేల్చేద్దాం. పెట్టకండి. ఏడాది నిండని బిడ్డకి తేనె చుక్క కూడా వద్దు, అది మనూకా అయినా, పుట్టతేనె అయినా. తేనెలో క్లాస్ట్రీడియం బొట్యులినమ్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉండవచ్చు. పెద్దవాళ్ల పేగుల్లో అవి మామూలుగా మొలకెత్తలేవు. పసిబిడ్డ పేగుల్లో మొలకెత్తి విషం తయారుచేస్తాయి. బిడ్డ పాలు పీల్చలేక, మెడ నిలపలేక వాలిపోతుంది, ఊపిరి తీసుకోవడం కూడా కష్టమవుతుంది. తేనెని కాచినా ఆ బీజాలు చావవు. పుట్టగానే నాలుక మీద తేనె రాయడం మన ఇళ్లలో తరాలుగా ఉన్నదే. అమ్మగారు ప్రేమతోనే అన్నారు. అయినా ఈ విషయంలో మొహమాటపడకండి.

ఇక నాన్నగారి సంగతి. మీ ఉత్తరం మొత్తంలో నాకు భయం పుట్టించిన మాట ‘ఇంజెక్షన్లు ఆపి’ అన్నది. ఆపకండి. ఎందుకో తెలియాలంటే ఆ రిపోర్టుని ఒకసారి దగ్గర పెట్టుకుని చూడాలి.

ఎంఆర్‌ఎస్‌ఏ అంటే మెథిసిలిన్‌కి లొంగని స్టెఫైలోకాకస్ ఆరియస్. మామూలు స్టెఫైలోకాకస్ మనందరి ముక్కుల్లో, చర్మం మీద తిరిగేదే. ఈ రకం మాత్రం పెన్సిలిన్ జాతి మందులను తప్పించుకోవడం నేర్చుకుంది. మీ రిపోర్టులో సెఫాక్సిటిన్ అనే పేరు ఉంటుంది, వెతకండి. ల్యాబ్‌వాళ్లు దాని పక్కన ‘ఆర్’, అంటే క్రిమి లొంగదని, వేశారంటే పెన్సిలిన్, క్లాక్సాసిలిన్, అమాక్సిసిలిన్, సెఫలెక్సిన్ లాంటివి దాదాపు అన్నీ ఒక్క దెబ్బకి పోయినట్టే. అందుకే కాగితం నిండా ‘ఆర్’లు కనిపిస్తాయి, చూసినవాళ్ల గుండె జారిపోతుంది. ఇంకాస్త కిందికి రండి. వాంకోమైసిన్, టీకోప్లానిన్, లినిజోలిడ్ అనే పేర్లు ఉంటాయి. ఎంఆర్‌ఎస్‌ఏ రిపోర్టుల్లో ఈ మూడింటి పక్కన మామూలుగా ‘ఎస్’ ఉంటుంది, అంటే పనిచేస్తుందని. డాక్టరుగారు చేయిస్తున్న ఇంజెక్షన్ బహుశా ఆ వరసలోదే. పేరు చూసి సరిపోల్చుకోండి, సరిపోకపోతే ఆయన్నే అడగండి. ‘మందులకి లొంగని’ అన్న మాట వినగానే ఇక ఏ మందూ లేదనుకోవడం, ఆ ఖాళీలోకి తేనె సీసా వచ్చి కూర్చోవడం చాలా ఇళ్లలో జరుగుతోంది.

మరో మాట. ఆ చీము ఎలా తీశారో కూడా అడగండి. పుండు పైపైన దూదిపుల్లతో తుడిచి పంపితే అక్కడ ఊరికే కాపురం పెట్టిన క్రిములన్నీ రిపోర్టులోకి ఎక్కుతాయి. పుండుని శుభ్రం చేసి, చచ్చిన కండ తీసేశాక, లోపలి నుంచి చిన్న ముక్క తీసి పంపితేనే అసలు నేరస్తుడెవరో తెలుస్తుంది.

ఇప్పుడు తేనె. మీ చెల్లెలు చెప్పింది గాలివార్త కాదు. తేనె క్రిములను చంపుతుంది, అదీ ఒక దారిలో కాదు. తేనెలో సుమారు ఎనభై పాళ్లు చక్కెరలు, నీళ్లు ఇరవై పాళ్ల లోపే. ఊరగాయలో ఉప్పు చేసే పనే ఇక్కడ చక్కెర చేస్తుంది, క్రిమిలోని నీటిని బయటికి లాగేస్తుంది. దానికితోడు పులుపు. నాలుకకి తెలియదు గానీ తేనె పీహెచ్ నాలుగుకి అటూ ఇటూ ఉంటుంది, చాలా బ్యాక్టీరియాకి అది గిట్టదు. అసలు విశేషం ఆ తర్వాతది. తేనెటీగ తన తలలోని గ్రంథుల నుంచి గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైముని మకరందంలో కలుపుతుంది. చిక్కటి తేనెలో అది నిద్రపోతున్నట్టే ఉంటుంది. పుండు రసి తగిలి తేనె పలచబడగానే లేచి, కొంచెం కొంచెంగా హైడ్రోజన్ పెరాక్సైడ్ తయారుచేస్తుంది. సీసాలో కొని పోసే పెరాక్సైడ్ బుసబుసమని నురగ పొంగి క్షణాల్లో అయిపోతుంది, లేతకండని కూడా కాలుస్తుంది. ఇది తక్కువ మోతాదులో గంటల తరబడి ఊరుతూ ఉంటుంది. తేనెటీగల నుంచే వచ్చే డిఫెన్సిన్ అనే ప్రొటీను కూడా కొన్ని తేనెల్లో క్రిములమీద పనిచేస్తుందని నెదర్లాండ్స్ పరిశోధకులు 2010లో తేల్చారు.

మనూకా సంగతి వేరు. న్యూజిలాండ్‌లోని వైకాటో యూనివర్సిటీలో పీటర్ మోలన్ 1980ల్లో ఒక చిత్రమైన విషయం గమనించాడు. తేనెలోని పెరాక్సైడ్‌ని క్యాటలేజ్ అనే ఎంజైముతో పూర్తిగా తీసేసినా మనూకా తేనె క్రిములను చంపుతూనే ఉంది. ఆ శక్తి ఎక్కడిదో తేలడానికి 2008 దాకా పట్టింది. జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఒక బృందం, వైకాటోలో ఒక బృందం అదే సంవత్సరం దాన్ని పట్టుకున్నాయి. అది మిథైల్‌గ్లయాక్సాల్. మనూకా పూల మకరందంలో ఉండే మరో పదార్థం, తేనె నిలవ ఉన్నకొద్దీ, ఇలా మారుతుంది. మీ సీసా మీద ‘ఎంజీఓ’ అని ఒక అంకె ఉంటుంది, కిలో తేనెలో ఇది ఎన్ని మిల్లీగ్రాములుందో చెప్పే లెక్క అదే.

ఎంఆర్‌ఎస్‌ఏ మీద కూడా ప్రయోగాలు జరిగాయి. బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో రోజ్ కూపర్ బృందం క్రిములకి కొద్దికొద్దిగా మనూకా తేనె అలవాటు చేసి చూసింది. యాంటీబయాటిక్స్‌కి ముదిరినట్టు తేనెకి అవి ముదరలేదు. ఒకే తాళం ఉంటే దొంగ తెరవడం నేర్చుకుంటాడు గానీ ఇక్కడ అన్ని వైపుల నుంచీ దాడి. 2012లో అదే బృందం ఇంకో సంగతి బయటపెట్టింది. ఎంఆర్‌ఎస్‌ఏ లెక్కచేయని ఆక్సాసిలిన్‌ని తేనెతో కలిపి ప్రయోగిస్తే ఆ క్రిమి మళ్లీ దానికి లొంగింది. ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. తేనె గురించి వచ్చిన మంచి వార్తల్లో కూడా మందుతో ‘కలిపి’ అనే ఉంది, మందు ‘మానేసి’ అని లేదు. పైగా ఇవన్నీ గాజు పళ్లేల్లో జరిగినవి.

మనుషుల్లో ఏమైందంటే, దీనికి మన దేశంలోనే ఒక మంచి ఉదాహరణ ఉంది. షోలాపూర్ సర్జన్ ఎం. సుబ్రహ్మణ్యం 1991లో 104 మంది కాలిన గాయాలవాళ్ల మీద పరీక్ష చేశారు. సగం మందికి తేనె కట్లు, సగం మందికి ఆస్పత్రుల్లో వాడే సిల్వర్ సల్ఫాడయజీన్ పూత. వారం తిరిగేసరికి తేనె వాడినవాళ్లలో 91 శాతం గాయాల్లో క్రిములు లేవు, రెండోవైపు 7 శాతమే. ఆ వ్యాసాన్ని ప్రపంచమంతా ఉదహరిస్తుంది. కానీ అదే డాక్టరుగారు 1999లో ఇంకో పరీక్ష చేసి, కాలిన చర్మాన్ని ముందే తీసేసి కొత్త చర్మం అతికించడం తేనె కన్నా మెరుగని రాశారు. దాన్ని మాత్రం ఎవరూ వాట్సాప్‌లో పంపరు. తన మందు ఎక్కడ ఓడిందో తానే అచ్చువేసిన ఆయన మీద నాకు గౌరవం.

అన్ని పరీక్షలనూ కూడేసి చూసే కోక్రేన్ సంస్థ 2015లో 26 పరీక్షల్ని, 3,011 మందిని లెక్కలోకి తీసుకుంది. పైపొరల వరకే కాలిన గాయాలు మామూలు కట్లతో కన్నా తేనెతో నాలుగైదు రోజులు ముందు మానుతున్నాయి. ఆపరేషన్ తర్వాత చీము పట్టిన కుట్ల దగ్గర కూడా లాభం కనిపించింది. షుగరు పుండ్ల దగ్గరికొచ్చేసరికి లాభమని చెప్పడానికి ఆధారం చాల్లేదు. షుగరు రోగి పాదాల మీదే పనిచేసే అంతర్జాతీయ నిపుణుల బృందం 2023 మార్గదర్శకాల్లో, పాదం పుండు మాన్పడానికి తేనె గానీ తేనెటీగల ఇతర పదార్థాలు గానీ వాడవద్దనే రాసింది. షుగరు ఉన్నవాళ్ల విషయంలో నన్ను ఇంకాస్త జాగ్రత్తపడేలా చేసింది ఒకటుంది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో పొట్ట ద్వారా డయాలసిస్ చేసుకునే 371 మందితో చేసిన పరీక్ష ఫలితాలు 2014లో వచ్చాయి. గొట్టం బయటికొచ్చే చోట రోజూ వైద్యానికి తయారుచేసిన తేనె రాయడం మామూలు మందు కన్నా మెరుగని తేలలేదు. షుగరు ఉన్నవాళ్లలో తేనె వాడినవాళ్లకే ఇన్ఫెక్షన్లు ఎక్కువయ్యాయి.

కాలిన గాయానికి పనిచేసింది మీ నాన్నగారి పుండుకి ఎందుకు పనిచేయదు? ఎందుకంటే ఆ పుండు మానకపోవడానికి అసలు కారణం ఎంఆర్‌ఎస్‌ఏ కాదు. అది తర్వాత వచ్చి చేరింది. పుండు ఎక్కడ పడిందో మీరే రాశారు, బొటనవేలి మొదట్లో, ఆనెకాయ కింద. అడుగు వేసిన ప్రతిసారీ ఒంటి బరువు దిగే చోటది. ఏళ్ల తరబడి షుగరుతో అరికాలి నరాలు మొద్దుబారితే నొప్పి తెలియదు. తెలియదు కాబట్టి నడుస్తారు. నడిచేకొద్దీ చర్మం గట్టిపడుతుంది, ఆ గట్టితనమే గులకరాయిలా లోపలి కండని నలుపుతుంది. మీరు పొద్దున్నే ఎంత శ్రద్ధగా కట్టు కట్టినా ఆయన పెరట్లోకి రెండుసార్లు వెళ్లొచ్చేసరికి దాని ఫలితం పోతుంది. నొప్పి లేదన్న మాట మీకు ధైర్యమిచ్చిందేమో, నాకు మాత్రం అదే ఆందోళన.

కాబట్టి డాక్టరుగారిని అడగాల్సినవి వేరే ఉన్నాయి. పుండు చుట్టూ ఉన్న ఆనెకాయని, లోపలి చచ్చిన కండని బ్లేడుతో చెక్కి తీశారా? తీయకపోతే ఏ కట్టూ, ఏ మందూ అందాల్సిన చోటికి అందదు. ఆ చోట బరువు పడకుండా ఏం ఏర్పాటు చేశారు? మోకాలి దాకా వేసే ప్రత్యేకమైన సిమెంటు కట్టు గానీ, తీసి వేసుకునే బూటు గానీ ఉంటాయి. షుగరువాళ్ల కోసం మెత్తటి రబ్బరుతో చేసే ఎంసీఆర్ చెప్పులు మంచివే గానీ అవి పుండు మానాక మళ్లీ రాకుండా వాడుకోవడానికి, తెరుచుకున్న పుండుకి చాలవు. పాదానికి రక్తం సరిగా వస్తోందా అని డాప్లర్ స్కాన్ చేశారా? రక్తం రాకపోతే ఇంజెక్షన్ మందు కూడా పుండుదాకా చేరదు. రెండు నెలల పుండు కాబట్టి ఎముకకి పాకిందేమో ఎక్స్‌రే తీశారా? శుభ్రమైన సన్నటి లోహపు పుల్లతో పుండు అడుగు తాకి, ఎముక గరుకు తగులుతుందా అని కూడా చూస్తారు. ఎముక పాడైతే మందు వారాల తరబడి వాడాలి, ఒక్కోసారి ఆ ముక్క తీసేయాలి. ఇవేవీ జరగకపోతే ఈ వారమే డయాబెటిక్ ఫుట్ చూసే సర్జన్ దగ్గరికి తీసుకెళ్లండి. గుంటూరు, విజయవాడ మీకు దగ్గరే.

ఇక తాగించడం. పళ్లెంలో ఈ క్రిమిని ఆపడానికి మంచి మనూకా తేనె నూటికి ఐదు పాళ్లు ఉండాలనుకుందాం. మన ఒంట్లో రక్తం సుమారు ఐదు లీటర్లు. అంటే పావు లీటరు తేనె తేనెగానే రక్తంలో కలవాలి. అది జరిగే పని కాదు. పొట్టలోకి వెళ్లాక తేనె ఒంటికి పట్టేది చక్కెరగానే, మిథైల్‌గ్లయాక్సాల్ పేగుల్లోనే చాలావరకు విరిగిపోతుంది. రోజుకి రెండు పెద్ద చెంచాలంటే ముప్పై గ్రాములు దాటిన చక్కెర. షుగరు అదుపు తప్పితే తెల్లకణాలు మందగిస్తాయి, అప్పుడు ఎంఆర్‌ఎస్‌ఏకి మనమే సాయపడినట్టు. జలుబు చేసి దగ్గొస్తే తేనె మంచిదే, బ్రిటన్‌లో 2018 నుంచి డాక్టర్ల మార్గదర్శకాల్లో కూడా ఉంది. అది షుగరు లేనివాళ్లు, ఏడాది దాటినవాళ్లు వాడుకోవాల్సిన చిట్కా.

ఏ తేనె మంచిదన్న దగ్గర పెదనాన్నగారిది పూర్తిగా తప్పని అనను. పెరాక్సైడ్ తయారుచేసే గుణం మన పుట్టతేనెకీ, కొండతేనెకీ ఉంది, అది న్యూజిలాండ్ సొత్తు కాదు. అయితే ఆ ఎంజైము వేడికి పాడైపోతుంది, రక్తంలో ఉండే క్యాటలేజ్ పెరాక్సైడ్‌ని విరగ్గొడుతుంది. అంతకన్నా ముఖ్యం, పుట్ట నుంచి పిండిన తేనెలో పుప్పొడి, మైనం, పిల్ల పురుగుల ముక్కలు, మట్టి, ఇందాక చెప్పిన బీజాలు అన్నీ ఉండవచ్చు. తినడానికి అమృతమే, తెరిచిన పుండులోకి కాదు. చెల్లెలు పంపినదీ తినే తేనే, ఖరీదు ఎక్కువైనంత మాత్రాన అది శుభ్రం చేసిన మందు కాదు. ఆస్పత్రుల్లో వాడే తేనె వేరు. దాన్ని గామా కిరణాలతో శుద్ధిచేస్తారు, బీజాలు కూడా చస్తాయి, తేనె గుణం మాత్రం పోదు. ట్యూబుల్లో, కట్లలో నింపి వస్తుంది. అమెరికా మందుల నియంత్రణ సంస్థ అలాంటి కట్టుని 2007లోనే అనుమతించింది. సర్జన్ పుండుని చూసి, శుభ్రం చేసి, బరువు తగ్గించే ఏర్పాటు చేశాక, తానుగా అలాంటి కట్టు ఎంచుకుంటే అది ఆయన నిర్ణయం, అడ్డుచెప్పకండి. రాసిన కాసేపు మంట ఉండవచ్చు, రసి ఎక్కువ కారవచ్చు, కట్టు తరచుగా మార్చాల్సి వస్తుంది.

బజారు తేనె గురించి కూడా చెప్పాలి. ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 2020లో 13 బ్రాండ్లని పరీక్ష చేయిస్తే చక్కెర పాకం కలిసిందో లేదో తేల్చే ఎన్‌ఎంఆర్ పరీక్షలో పది తప్పాయి. 2010లో అదే సంస్థ 12 బ్రాండ్లు పరీక్షిస్తే పదకొండింట్లో యాంటీబయాటిక్స్ అవశేషాలు దొరికాయి. పెట్టెల్లో పెంచే ఈగలకి జబ్బులు రాకుండా అవి వాడతారు. మందులకి లొంగని క్రిములకి విరుగుడనుకుని కొన్న సీసాలోనే ఆ క్రిములని ముదరబెట్టే మందు! నీళ్లలో చుక్క వేసి చూడటం, అగ్గిపుల్ల ముంచి వెలిగించడం లాంటి పరీక్షలతో కల్తీ బయటపడదు. ఇప్పటి పాకాలు వాటన్నిటినీ దాటేస్తాయి.

ప్రొపోలిస్ అంటే ఈగలు చెట్ల జిగురు తెచ్చి, మైనం కలిపి, పట్టులో సందులు పూడ్చుకునే బంక. పరీక్షశాలలో స్టెఫైలోకాకస్ లాంటి వాటిమీద దాని ప్రభావం బాగానే ఉంది, పేగుల్లో ఉండే ఈ.కొలై జాతి మీద అంతంతమాత్రం. ఏ చెట్టు జిగురు దొరికితే దాన్నిబట్టి దాని గుణం మారుతుంది, యూరప్‌ది ఒకటైతే బ్రెజిల్‌ది ఇంకొకటి. మోతాదు నిలకడగా ఉండని దాన్ని మందనడం కష్టం. చర్మానికి ఎలర్జీ తెప్పించడంలో మాత్రం దానికి పేరుంది. చుక్కల మందు చాలావరకు సారాయి కలిపి చేసేదే. పుండు మీద వేయకండి. తర్వాతి పార్సిల్లో తేనెటీగ విషం క్రీము వస్తే అదీ వద్దు. అందులోని మెలిటిన్ బ్యాక్టీరియా పొరని చీల్చేది నిజమే, మన ఎర్రకణాల పొరనీ అలాగే చీలుస్తుంది.

సర్జన్ని కలిసేదాకా నాన్నగారిని వీలైనంత కూర్చోబెట్టండి, స్నానాల గదికి కూడా వాకర్ పట్టుకుని ఆ కాలి మీద బరువు వేయకుండా వెళ్లమనండి. ఇంట్లో, దేవుడి గదిలో కూడా ఒట్టి కాళ్లతో తిరగవద్దు. వేన్నీళ్లలో పాదం నానబెట్టడం, పసుపు, వేపాకు ముద్ద పెట్టడం మానేయండి. సెలైన్‌తో కడిగి, శుభ్రమైన పొడి కట్టు చాలు. రెండో పాదాన్ని కూడా రోజూ రాత్రి టార్చి వేసి చూడండి. పుండు చుట్టూ ఎర్రదనం రెండు సెంటీమీటర్లు దాటి పాకినా, పాదం వాచినా, కుళ్లు వాసన వచ్చినా, వేలు నల్లబడినా, చలిజ్వరం వచ్చినా, షుగరు ఉన్నట్టుండి పెరిగినా తెల్లారేదాకా ఆగకండి. ఆ రాత్రే పెద్దాస్పత్రికి తీసుకెళ్లండి, రిపోర్టు కాగితం వెంట ఉంచుకోండి.